నిన్నటిలాగే ఉంది దొరా

ఏరు సముద్రంలో కలిసే మొగలో ఒక ముసలి పీత ఉండేది. రోజూ తెల్లారగానే పైనీళ్లు ఒక గుక్క నోట్లో పోసుకుని, అందులో కంటికి ఆనని ప్రాణులు ఎలా ఉన్నాయో రుచి చూసి, మొగకు పెద్ద అయిన కొంగకు చెప్పేది.

"అంతా నిన్నటిలాగే ఉంది దొరా."

ఏళ్ల తరబడి అదే మాట విని కొంగకు విసుగొచ్చింది. "రోజూ నిన్నటిలాగే ఉంటే రోజూ చూడ్డం దేనికే? పోయి నా గూటి కింద బురద ఎత్తు!" అంది. చేపలన్నీ పగలబడి నవ్వాయి. పీత మనసు చివుక్కుమంది. బురదలోకి దిగింది.

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఒక పొద్దున మొగంతా నీళ్లు ఎర్రబడ్డాయి. చేపలు వెల్లకిలా తేలాయి. బతికినవి కొంగ దగ్గరికి వచ్చి, "ఇదేం పోయేకాలం దొరా!" అని ఏడ్చాయి.

తేలినవాటిని కమ్మగా మింగుతూ కొంగ, "మా తాతల నాటి నుంచీ ఈ నీళ్లింతే," అంది.

చేపలు పీత వైపు తిరిగాయి. "నువ్వైనా కాదని చెప్పు పీతత్తా!"

పీత ఒక గుక్క తీసుకుని ఉమ్మేసింది. గొంతు భగ్గున మండింది. "నేను చూసిన నాళ్లలో ఇలా లేదు. ఎప్పుడు పాడయిందో, ఎలా పాడయిందో మాత్రం చెప్పలేనర్రా. నేను బురదలో ఉన్నాను కదా."

"చూశారా, దానికే తెలీదు!" అని కొంగ ఇంకో చేపను అందుకుంది.