లైన్‌లో ఉండు బాబూ

టీవీలో మళ్ళీ చుక్కలే.

"ఇవాళైనా బొమ్మ వస్తుందట్రా?" మంచం మీంచి అడిగింది అక్క.

తమ్ముడికి ఒళ్ళు మండింది. అతను సిటీ బస్సు కండక్టరు. డిపోలో అందరూ 'హారన్' అని పిలుస్తారు. పొద్దంతా జనం మీద అరిచి ఇంటికొస్తే, ఇక్కడ ఈ డబ్బా మీద అరవాల్సి వస్తోంది.

పాత పద్ధతి ప్రసారాలు ఆపేసి అంతా డిజిటల్ చేసేశారు. పాత టీవీకి ఓ చిన్న పెట్టె తగిలిస్తే చాలు, అద్దంలా కనిపిస్తుందన్నారు. తెచ్చి తగిలించాడు. అద్దం సంగతి దేవుడెరుగు, మనిషి ముక్కు కూడా కనిపించలేదు.

కొత్తది కొందామంటే అక్క ససేమిరా అంది. ఆమె తన మొదటి జీతంతో కొన్న టీవీ అది. అమ్మానాన్నా పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆమే. ఇప్పుడు తుంటి ఎముక విరిగి, పగలంతా ఒంటరిగా గోడకేసి చూస్తూ పడుకుంటోంది. ఈమధ్య అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. అది చూసి అతనికి లోపల భయం, పైకి మాత్రం చిరాకు.

పెట్టె అడుగున ఉన్న నంబరుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టాడు.

"ఎవరూ?" అంది ఓ ముసలి గొంతు.

"టీవీ రావట్లేదు!"

"బాబూ, ఇది..."

"ఇదీ అదీ అని కబుర్లు చెప్పకండి! మా అక్క తుంటి విరిగి మంచంలో ఉంది. టీవీ లేక బెంగ పెట్టుకుంది. మీరేమో పెట్టెలు అంటగట్టి చేతులు దులుపుకున్నారు!"

"అయ్యో పాపం. లైన్‌లో ఉండు బాబూ."

ఉన్నాడు. ఎంతసేపటికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి ఆయాసపడుతూ వచ్చింది.

"యాంటెనా వైరు టీవీకి కాదట బాబూ, పెట్టెకి పెట్టాలట. పెట్టె నుంచి ఇంకో వైరు టీవీకి."

"అట ఏంటమ్మా, అట! మీకే తెలీదా?"

తిడుతూనే పెట్టాడు. చుక్కల వెనక ఏవో నీడలు కదిలాయి, అంతే.

మర్నాడు సాయంత్రం మళ్ళీ చేశాడు. మళ్ళీ "లైన్‌లో ఉండు బాబూ." మళ్ళీ ఆయాసం. ఏదో బటన్ నొక్కమంది. నొక్కితే నీడలు కూడా పోయాయి.

ఆ పై సాయంత్రం కూడా అదే భాగోతం. ఈవిడ ఫోన్ అక్కడ పడేసి టీ తాగి వస్తోందని అతనికి నమ్మకం కుదిరిపోయింది. ఇక ఆగలేకపోయాడు.

"ఫోన్ పట్టుకుని నా చెయ్యి పడిపోతోంది! ఏమీ తెలీనివాళ్ళకి ఉద్యోగం ఎవరిచ్చారమ్మా? మీ పైవాళ్ళతో చెప్పి ఊడబీకిస్తా, చూడండి!"

"అలాగే బాబూ," అంది ఆవిడ మెల్లగా. "ముందు టీవీని మూడో నంబరు మీద పెట్టి వదిలెయ్యి. దాన్నిక ముట్టుకోకు. చానెళ్ళు పెట్టె రిమోటుతో మార్చాలట. కిటుకంతా అందులోనే ఉందట."

"మళ్ళీ అట!"

టక్కున పెట్టేశాడు. టీవీ కట్టేశాడు.

డిపోలోనూ కోపం తగ్గలేదు. తోటి కండక్టర్లు చుట్టూ చేరారు.

"మా ఇంట్లోనూ ఇదే గోల హారన్! ఆ నంబరిలా ఇవ్వు."

అడిగినవాళ్ళకీ ఇచ్చాడు, అడగనివాళ్ళకీ ఇచ్చాడు.

"ఒక్కణ్ణే తిడితే వాళ్ళకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందరూ చెయ్యండి. మొహమాటపడకుండా దులిపెయ్యండి."

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలోకే పాట వినిపించింది. తెర మీద బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది. అక్క దిండుకి ఆనుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, తెర మీంచి కళ్ళు తిప్పకుండా అన్నం తింటోంది.

"ఆవిడ చెప్పినట్టే పక్కింటమ్మాయి చేత చేయించాన్రా. మూడో నంబరు!"

అక్క మొహంలో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళైందో.

"నువ్వు అన్ని మాటలన్నా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. రేపు ఆ పెట్టెలవాళ్ళ ఆఫీసుకెళ్ళి, ఆవిడ ఉద్యోగానికేం కాకుండా చూసిరా. అంతదాకా నాతో మాట్లాడకు."

మర్నాడు వెళ్ళాడు. కౌంటర్లో గుమస్తా తలెత్తాడు.

"మీ ఫోన్ల దగ్గర ఓ పెద్దావిడ ఉంటారు కదండీ..."

"మా ఫోన్ల దగ్గర ఆడవాళ్ళెవరూ లేరండీ. ఏ నంబరుకి చేశారు?"

చూపించాడు. గుమస్తా పెదవి విరిచాడు.

"ఇది మాది కాదు. మా నంబరుకి చివర మూడు కాదు, ఎనిమిది. కొన్ని పెట్టెల మీద అచ్చు సగం చెరిగిపోయింది."

అక్కడే నిలబడి మళ్ళీ ఆ నంబరుకే చేశాడు. ఈసారి మగ గొంతు ఖంగుమంది.

"ఇంకొకడా? నిన్నట్నుంచి ఊళ్ళో కండక్టర్లంతా మా అమ్మని తిడుతున్నారు! ఏం పాపం చేసిందండీ ఆవిడ?"

"అమ్మగారితో ఒక్క మాట..."

"ఆవిడ ఇక ఫోన్ ముట్టదు. మోగితే చాలు వణికిపోతోంది. ఇవాళ ఈ నంబరే తీయించేస్తున్నాం."

"అది కాదండీ... టీవీల సంగతి ఆవిడకి అంత బాగా తెలుసు కదాని..."

"ఆవిడకేం తెలుసండీ, మా ఇంట్లో టీవీయే లేదు! ఎవరో అక్కట, మంచంలో ఉందట, బెంగ పెట్టుకుందట అని, ఆ మోకాళ్ళ నొప్పులతోనే రోజూ మెట్లు దిగి, కింది వాటావాళ్ళ టీవీ వెనక వైర్లు చూసొచ్చి చెప్పేది."