అక్కమ్మ చచ్చిన చోట్లు

అక్కమ్మ బండ మీద చెయ్యి పెట్టింది. "ఈడ సచ్చినానప్పా. పదకొండో ఎపిసోడు. బాణం ఈపులో దిగింది."

చంద్రగిరి గుట్టల్లో తీసిన ఆ మాయారాజ్యం సీరియల్‌ని జయచంద్ర నాలుగుసార్లు చూశాడు. తీసిన చోట్లన్నీ నడిచి చూడాలని మదనపల్లె నుంచి వచ్చాడు. యుద్ధాల సీన్లలో శవంగా పడుకున్న అక్కమ్మే ఇప్పుడు అతనికి దారి చూపుతోంది.

ఫొటో కోసం అతను ఆ బండ మీదే చచ్చినట్టు పడుకున్నాడు.

"బొటనేలు ఆడించొద్దప్పా. సచ్చినోళ్లు ఆడించరు," అంది. ఫొటో తీసి, "కట్" అంది. అతను లేచాడు.

తర్వాత వాగులో చచ్చాడు. కోటగోడ కింద చచ్చాడు. ఆమె కట్ అన్నప్పుడల్లా లేచాడు.

చివరికి చర్చి వెనక ఒక సమాధి దగ్గర ఆమె ఆగింది. జయచంద్ర చొక్కా దులుపుకుని పడుకోబోయాడు. "ఇది ఏ ఎపిసోడక్కా?"

"సీరియల్లో లేదప్పా. మా ఆయన. నా పక్కనే తొమ్మిది తూర్లు సచ్చినాడు."

రాయి మీదికి వంగి, "కట్" అంది. కాసేపు చూసింది.

"ఈ మనిషికి చెవుడు. ఎప్పుడూ రెండో కట్‌కే లేసేవాడు," అంది లేస్తూ. "ఆ రెండోది నేనింకా అన్లేదు."