పందెం కారు సప్పుడు

"ఈ కొత్త డిస్ట్రిబ్యూటరైతే ఇంజన్లో నిప్పురవ్వ ముందే పడతాది. రేపు అరమైలు పందెం మనదే బావూ," అన్నాడు మెకానిక్ డేవిడ్‌రాజు.

"పాతదే ఉంచు. దానిమీదే నాకు నమ్మకం," అన్నాడు టాక్సీ నరసింగరావు.

"నాకూ అదే నమ్మకం మావా," అంది గుమ్మంలోంచి భార్య దేముడమ్మ. "దాని సప్పుడు ఇంట్లోకే ఇనబడతాది. సాలూరు నుంచొస్తూ రోజూ మలుపు కాడ గంటసేపు ఆగిపోతాది. అక్కడ ఏటున్నాది?"

అక్కడ పేకాట ఉందని డేవిడ్‌రాజుకి తెలుసు. తల బానెట్ కిందికి దూర్చేశాడు.

నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "కొత్తదే బిగించీరా. పందెం ముఖ్యం."

కొత్తది బిగించి ఇంజను స్టార్ట్ చేశారు. దేముడమ్మ కళ్లు మూసుకుని శ్రద్ధగా వింది.

"సరే, ఈ సప్పుడూ గురుతుంటాది," అని ఎసరు పెట్టడానికి లోపలికెళ్లింది.