అత్తగారి దేశపు ఇంగువ

పులిహోరకు పోపు పెట్టాలి, అందులో వేసిన ఇంగువ ఏ దేశానిదో చెప్పాలి, గుమ్మంలోని సుంకాల మర మీద వేలిముద్ర వేయాలి, పక్కింటి పైడితల్లి గిన్నె ఆమెకు చేర్చాలి. దేశం వర్తక కూటమి నుంచి బయటికొచ్చాక, పరాయి సరుకు ఏ గుమ్మం దాటాలన్నా మర ఒప్పుకోవాలి. గౌరీశ్వరికి మాత్రం తొందరగా ఉంది. జ్వరంతో నోరు చేదెక్కిన పైడితల్లి రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు.

"ఖాళీ గిన్నె అయితే వెంటనే పంపిస్తాను," అంది మర.

"ఖాళీ గిన్నె తిరిగిస్తే మా అత్త ఎక్కడున్నా ఊరుకోదు."

"ఇంగువ ఎక్కడిది?"

"అత్త దాచిన డబ్బాలోది."

మర కాసేపు వెతికింది. "అత్త అనే దేశంతో మనకు ఒప్పందం ఉందా?"

గౌరీశ్వరి నిట్టూర్చింది. "ఉన్నన్నాళ్లూ ఏ ఒప్పందమూ కుదర్లేదు, నాయినా. పోయాకే కుదిరింది."

"ఒప్పందం నమోదైంది. సుంకం లేదు," అని మర దారిచ్చింది.

పైడితల్లి మంచం మీదే కూర్చుని గిన్నె సగం ఖాళీ చేసింది. "ఏటి వదినా, అచ్చం అప్పలనరసమ్మత్త చేతి రుచే," అంది.

అత్త అనే ఆ దేశం పేరు ఇప్పటికీ మర జాబితాలో ఉంది. మీరెప్పుడైనా ఇరుగుపొరుగు గిన్నెలో చిటికెడు పంచదారైనా వేసి తిరిగిస్తే, అప్పలనరసమ్మను ఒక్కసారి తలుచుకోండి.