ఒక్క తప్పూ లేని టెలిగ్రాం

"గిది నేను కొట్టను," అని పోస్టుమాస్టర్ పాండురంగం కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు. "నా చేతులతోని గిసుంటి ఇంగ్లీషు బొంబాయికి పోదు."

జహీరాబీ ఆ కాగితాన్ని మళ్లీ లోపలికి తోసింది.

తాండూరు దగ్గర బండల గనులున్న ఊళ్లో చిన్న తపాలా ఆఫీసు అది. కాగితం మీద రాసింది ఆమె భర్త నిసార్. బండల దుమ్ము రొమ్ములోకి దిగి మంచం పట్టాడు. ఇక ఆలస్యం చెయ్యకుండా కొడుకును పిలిపించుకొమ్మని హకీం చెప్పేశాడు. పెళ్లీడుకొచ్చిన ఆ కొడుకు, జహూర్, బొంబాయి మిల్లులో పని చేస్తున్నాడు. ఎప్పుడో రైల్వే దొరల కింద గ్యాంగు పని చేసిన రోజుల్లో నేర్చుకున్న ఇంగ్లీషునంతా కూడగట్టుకుని నిసార్ పడుకునే రాశాడు: "ఫాదర్ గోయింగ్. యూ కేమ్ సూన్."

పాండురంగానికి ఇంగ్లీషంటే ప్రాణం. తెల్లవాడు పోయి పదేళ్లు దాటింది, వాడి భాష మాత్రం ఇక్కడ దిక్కులేనిదైపోయిందని ఆయన దిగులు. బజారులో బోర్డులు చూడలేక తల వంచుకుని నడిచేవాడు. ఎవరైనా ఇంగ్లీషులో అచ్చేసిన శుభలేఖ ఇస్తే ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చేవాడు. పెళ్లికి మాత్రం తప్పకుండా వెళ్లేవాడు, భోజనంలో వ్యాకరణ దోషాలుండవు కాబట్టి.

'కేమ్' అంటే వచ్చావని అర్థమనీ, రాని కొడుకును వచ్చావని ఎట్లా అంటారనీ ఆయన ఆమెకు పాఠం చెప్పాడు. అసలు ఈ 'ఫాదర్ గోయింగ్' ఏమిటి, ఎక్కడికి పోతున్నాడని కూడా అడిగాడు.

"ఎక్కడికి పోతున్నడో నీకు తెల్వదా సాబ్?" అంది జహీరాబీ.

వరుసలో నిలబడ్డవాళ్లు తలలు దించుకున్నారు. పాండురంగం కూడా కాస్త తడబడ్డాడు. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమెకంటే ముందు టెలిగ్రాం ఇచ్చిన మల్లప్పను చూపించి, అదీ ఇంగ్లీషంటే అన్నాడు. మల్లప్ప కొడుకూ ఆ మిల్లులోనే ఉన్నాడు. "ఫాదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ." అది పాండురంగం స్వయంగా కూర్చిన మాట. కొడుకును పిలిపించుకోవాలని వచ్చిన ప్రతివాడికీ అదే రాసిచ్చేవాడు.

ఆ సీరియస్ ఫాదర్ గోడకానుకుని మిర్చి బజ్జీలు తింటున్నాడు. కొడంగల్‌లో ఒక పిల్లను చూసి వచ్చాడు. పెళ్లిచూపులంటే కొడుకు కదలడని ఈ ఎత్తు వేశాడు. వరుసలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆ ఊళ్లో అట్లా పిలిపించుకోవడం కొత్తేమీ కాదు.

"దున్నపోతు లెక్కున్న మల్లప్ప అబద్ధం పోతది. మా ఆయన నిజం పోదా?" జహీరాబీ గొంతు పెంచలేదు. "ఆయన ఇంగ్లీషు గంతే సాబ్. చిన్నప్పటి సంది విన్నడు నా కొడుకు, గుర్తుపడ్తడు. ఒక్క మాట మార్చొద్దు."

నిజమూ అబద్ధమూ చూడడం తన డ్యూటీ కాదన్నాడు పాండురంగం. భాష చెడకుండా చూడడం మాత్రం తన డ్యూటీ అన్నాడు. ఆ డ్యూటీ ఆయనకు ఎవరు వేశారో సర్కారుకు కూడా తెలియదు.

ఆమె కిటికీ ముందే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తార్, అదే టెలిగ్రాం, పోయేదాకా లేవనంది. వెనకవాళ్లు కార్డు కొనడానికి లేదు, కవరు కొనడానికి లేదు. పోలీసును పిలుస్తానన్నాడు పాండురంగం. పిలవమంది. వస్తే ఆయనకూ ఈ కాగితమే చూపించి న్యాయం అడుగుతానంది. కాసేపటికి వరుసంతా ఆమె వైపు తిరిగింది. ఉన్నదున్నట్టు కొట్టి పంపెయ్యమని చివరికి మల్లప్ప కూడా అన్నాడు.

పాండురంగం సరేనని కాగితం తీసుకుని లోపలికి వెళ్లాడు. టకటకమని చప్పుడు వినిపించాక ఆమె లేచింది. చీర దులుపుకుని, తల ఎత్తుకుని ఇంటికి నడిచింది. నువ్వు రాసింది రాసినట్టే పోయిందని చెబితే నిసార్ దగ్గుతూనే నవ్వాడు.

కానీ యంత్రం ముందు కూర్చున్నప్పుడు పాండురంగానికి వేళ్లు కదల్లేదు. ఇన్నేళ్ల సర్వీసు 'కేమ్' దగ్గర అడ్డం పడింది. భావం అదే కదా, మంచి మాటల్లో పోతే ఎవరికి నష్టం అనుకున్నాడు. పాపం, ఆ ముసలాయనకు మేలే చేస్తున్నాననుకున్నాడు. అందరికీ రాసిచ్చే తన 'ఫాదర్ సీరియస్' మాటలే కొట్టి, కింద నిసార్ పేరు పెట్టాడు.

బొంబాయి బండి వచ్చింది, పోయింది. మరునాడూ అంతే. జహూర్ దిగలేదు. నిసార్ గుమ్మం వైపే మొహం పెట్టి పడుకున్నాడు. అటు తిరిగి పడుకొమ్మంటే వినలేదు. జహీరాబీ మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి, రాసింది రాసినట్టే పంపావా అని అడిగింది. పంపానన్నాడు పాండురంగం, స్టాంపులు సర్దుకుంటూ.

అప్పుడే లోపల యంత్రం మోగింది. బొంబాయి నుంచి, నిసార్ పేరు మీద. పాండురంగం ఉత్సాహంగా రాసుకోవడం మొదలుపెట్టాడు. చక్కని ఇంగ్లీషు, ఎవరో చదువుకున్నవాడి చేత రాయించినట్టుంది. సగంలో ఆయన చెయ్యి ఆగింది.

"ఏమన్నడు నా కొడుకు? బయల్దేరిండా?" అంది జహీరాబీ కిటికీ ఊచలు పట్టుకుని.

చదవక తప్పలేదు. పాండురంగం ఆమె మొహం చూడకుండా తెలుగులో చెప్పాడు.

"సెలవు దొరకలే. పిల్లను మీరే చూసి ఖాయం చెయ్యుండ్రి."