ఉరుమోడి చొక్కా

ఐదేళ్ల పిల్లకి ఎవరికీ కనపడని స్నేహితుడొకడు తగులుకున్నాడు. పేరు ఉరుమోడు. వాడికి కోపమొస్తుందని అది బొమ్మలతో ఆడటం మానేసింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

ఆ పేరు వింటేనే తండ్రికి ఒళ్లు మండేది. వాణ్ణి ఇంట్లోంచి తరిమేదాకా నిద్రపోనన్నాడు.

"అలాంటివాడితో నీకు స్నేహమెందుకే?" అనడిగింది తల్లి.

"స్నేహం చేస్తే అరవడమ్మా."

తల్లి దర్జీ పని చేస్తుంది. దర్జీలు ముఖాలు మరిచిపోతారు గానీ కొలతలు మరవరు. మా వీధి దర్జీ అయితే నన్ను వెనకనుంచి చూస్తేనే గుర్తుపడతాడు. సరే, ఆ సంగతలా ఉంచండి. ఉరుమోడెంతటివాడో తేలితే పిల్లకి భయం సగం తగ్గుతుందని ఆవిడ టేపు తీసింది.

"మీవాడికి చొక్కా కుడతానమ్మా. కొలతలు చెప్పు."

పిల్ల కుర్చీ ఎక్కి, గాలిలో రెండు చేతులూ చాపి భుజాలు చూపించింది. "ఇంకా వెడల్పు... ఆఁ, ఇంత!" తర్వాత చెయ్యి పొడుగు చూపించింది, ఆ తర్వాత నడుము.

తల్లి టేపు పట్టి మళ్లీ ఓసారి చూసుకుంది. పెళ్లయినప్పటినుంచీ ఆ కొలతలకి ఆవిడ చొక్కాలు కుడుతూనే ఉంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న తండ్రి ఒక్క ఉదుటున లోపలికొచ్చాడు.

"ఆపండీ పిచ్చాట! ఎక్కడే వాడు? చూపించు, కాళ్లు విరగ్గొడతాను!"

పిల్ల కుర్చీ దిగింది. మెల్లిగా వెళ్లి ఆయన వేలు పట్టుకుంది.

"కోప్పడకు ఉరుమోడా," అంది. "మనం ఫ్రెండ్స్ కదా?"