పచ్చడి బావుందట

“పండుమిరప పచ్చడి సీసా ఏదండీ?”

తలకి నూనె రాసుకుంటున్న నవీన్‌బాబు చేయి ఆగింది. “ఏ సీసా?”

“రెండు సీసాలకెత్తా. ఒకటే ఉంది.”

“ఆఫీసులో ఇచ్చాలే. అడిగారు.”

“ఎవరు?”

“ఎవరో ఒకరు. పచ్చడి కోసం ఇంత విచారణా?” తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

సింధూర వంటగది గడపలోనే నిలబడిపోయింది. సిమెంట్ ఫ్యాక్టరీలో మొగుడి గదిలో ఉండేది ముగ్గురే. ఒకాయనకి అల్సరు. రెండో ఆయన కారం ముట్టడు.

నెల రోజులుగా మనిషి తేడాగా ఉన్నాడు. ఫోనొస్తే పెరట్లోకి పోయి మాట్లాడుతున్నాడు. మూడుసార్లు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పేట బస్టాండులో నందిగామ బస్సెక్కాడు. మూడోసారి నిన్ననే. అక్కడేం పనంటే ఫ్రెండున్నాడన్నాడు. మేడ మీద గది వేద్దామని రెండు లక్షలు బ్యాంకులో దాచారు. పని మొదలెడదామంటే మేస్త్రీ దొరకట్లేదంటాడు. ఆ మేస్త్రీ రోజూ వీధి చివర టీ బంకు దగ్గర కూర్చునే ఉంటున్నాడు.

“ఆడమనిషి గొంతే,” అని పక్కింటి కమలాకుమారి మొన్న గోడ మీంచి చెప్పింది. “మీ ఆయన ‘మీరే దిక్కండీ’ అంటున్నాడు. నాకెందుకులే అమ్మాయ్, చెవినపడింది చెప్పా.”

“నాతో ఎప్పుడూ అలా అన్లేదక్కా.”

“పెళ్ళాంతో ఎవరంటారు?”

మంచం మీద నవీన్‌బాబు ఫోన్ టింగుమంది. సింధూర వంగి చూసింది. పైన పేరు, గ్రేసీ. కింద మూడు లైన్లు.

‘పచ్చడి బావుంది. కానీ ఇంకెప్పుడూ ఇలాంటివి తీసుకురావద్దు. ఇంట్లో ఇంకా చెప్పలేదా? దాచేకొద్దీ మీకే కష్టం.’

రెండుసార్లు చదివింది. ఆ కాయలు వత్సవాయి నుంచి తెప్పించి, తుడిచి, ఆరబెట్టి, తొడిమలు తీసి, రోట్లో తనే దంచింది. రెండు రోజులు చేతులు మండితే రాత్రిళ్ళు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. బావుందట.

ఫోన్ తెరవడం ఆమెకి తెలుసు. పాలకీ కూరలకీ అందులోంచి డబ్బు పంపేది తనే. మెసేజ్‌లకి మాత్రం ఈమధ్య వేరే తాళం వేశాడు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. తన ఫోన్ తీసి, మెసేజ్‌ల లాక్ తీయడానికి కస్టమర్ కేర్ నంబరు అని నెట్లో వెతికింది. మొదట కనిపించిన దానికే చేసింది.

“టెక్నికల్ సపోర్ట్. చెప్పండి మేడమ్.”

చెప్పింది.

“ఫోన్ మీదేనా మేడమ్?”

“మా ఆయనది.”

అవతలివాడి గొంతు మెత్తబడింది. “అర్థమైంది మేడమ్. బాధపడకండి. మీలాంటివాళ్ళు రోజూ చేస్తుంటారు.”

“చెరిపేసినవి కూడా కనపడతాయా?”

“అన్నీ కనపడతాయి. ఫోటోలతో సహా.”

ఫోటోలనేసరికి సింధూర మొగుడి ఫోన్ చేతిలోకి తీసుకుంది. అతను చెప్పిన యాప్‌ని అందులో పెట్టింది. తొమ్మిది అంకెలొచ్చాయి. వాటిని చదవబోతుంటే ఎర్రక్షరాలు అడ్డమొచ్చాయి.

“ఏదో వచ్చిందండీ. తెలియనివాళ్ళు చెబితే ఇది పెట్టుకోవద్దు, మోసం కావచ్చు అంటోంది.”

“అది అందరికీ వస్తుంది మేడమ్. మీకు వద్దంటే ఫోన్ పెట్టేస్తా.”

“పెట్టకండి,” అంది. మోసం చేస్తున్నదెవరో తనకి తెలుసు. అంకెలు చదివింది.

“ఇప్పుడు ఆ ఫోన్‌కే ఒక లింకు వస్తుంది. అందులో పది రూపాయలు ఫీజు కట్టండి.”

“పదేనా?”

“పదే మేడమ్.”

పిన్ను కొట్టింది.

“ఇక ఫోన్ బోర్లా పెట్టి పది నిమిషాలు ముట్టుకోకండి. మధ్యలో చూశారంటే మెసేజ్‌లన్నీ పోతాయి.”

సింధూర ఫోన్‌ని బోర్లించి, దాని మీద అరచెయ్యి వేసి కూర్చుంది. చెయ్యి కింద అది రెండుసార్లు అదిరింది. తీసి చూడలేదు. ఆ గ్రేసీ ఎలా ఉంటుందో. ఉద్యోగం చేస్తుందేమో. చేతులు మెత్తగా ఉంటాయేమో, మిరపకాయలు దంచే పని లేదు కాబట్టి.

నవీన్‌బాబు తల తుడుచుకుంటూ వచ్చాడు. “నా ఫోనేది?”

“ఇక్కడే ఉంది. ఐదు నిమిషాలాగండి, మీ గ్రేసీ సంగతంతా బయటికొస్తుంది. కస్టమర్ కేర్ వాళ్ళు తీస్తున్నారు.”

“ఏ కస్టమర్ కేరు? నంబరెక్కడిది?”

“నెట్లో దొరికింది. భయమేస్తోందా?”

అతను ఆమె చెయ్యి తోసేసి ఫోన్ తిప్పాడు. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద బ్యాంకు పేజీ కదులుతోంది. పైన రెండు మెసేజ్‌లు. లక్ష. ఇంకో లక్ష. గబుక్కున ఫోన్ ఆపేశాడు.

సింధూర లేచి నిలబడింది. “అవి... గది డబ్బులా?”

అతను ఆమె ఫోన్ లాక్కుని, ఎక్కడా వెతక్కుండా 1930 నొక్కాడు.

“ఆవిడకేనా? డబ్బు పోయినా మీకు ఆవిడే గుర్తొచ్చిందా?”

నవీన్‌బాబు ఫోన్ చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. “ఇది మోసాల ఫిర్యాదు నంబరు. ఈ గది డబ్బుకే పోయిన నెల నన్నూ ఒకడు ఇలాగే ముంచాడు సింధూ. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు.”

“మాట మార్చకండి. ఎవరా గ్రేసీ?”

“ఆ డబ్బు మొన్న తిరిగి తెప్పించిన నందిగామ ఎస్సై.”